మార్చే ముందు పరీక్షించండి: పాత కారు ఇగ్నిషన్ గురించి

సంపాదకుల వారికి, నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఈ మధ్య ఒక పాఠకుడు తన పాత కారు గురించి అడిగిన ప్రశ్ననూ, దానికి మీరు ప్రచురించిన జవాబునూ చదివాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదని ఆయన రాశారు. ఇంజన్‌లో పెట్రోలును స్పార్కుతో మండించే ఇగ్నిషన్ వ్యవస్థలోని పాయింట్లు (కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్), కండెన్సర్, కాయిల్, రోటర్, ప్లగ్గులు అన్నీ ఒకేసారి కొత్తవి వేయించుకోమని జవాబులో ఉంది. ఆ అయిదింటిలో ఏదో ఒకటి పాడై ఉండే అవకాశం లేకపోలేదు. అయినా ఆ సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. 1960లలో తయారైన, పాయింట్లతో నడిచే నాలుగు సిలిండర్ల కారును చాలా ఏళ్లుగా నా చేతులతోనే బాగుచేసుకుంటూ నడుపుతున్నవాణ్ణి గనుక, లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా సామాన్లు మార్చడం ఎందుకు పొరపాటో, తేల్చుకోవడానికి ఎంత కొద్దిపాటి పనిముట్లు సరిపోతాయో వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైనందుకు మన్నించాలి.

ఇదే సలహాను ఒకప్పుడు నేనూ పాటించాను. నా కారు ఒకరోజు అందుకునేది, మర్నాడు మొండికేసేది. పనివారు చెప్పినట్టే ఆ అయిదు సామాన్లూ మార్పించాను. వారం గడిచేసరికి కారు మళ్లీ మొదటికే వచ్చింది. చివరికి దొరికిన లోపం, స్పార్కును వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల ఉన్న ఒక చిన్న మెత్తటి వైరు. బయటి నుంచి వచ్చే కరెంటును పాయింట్లకు అందించే ఆ వైరు, పాయింట్లు బిగించిన పళ్లెం అటూ ఇటూ జరిగినప్పుడల్లా దానితోపాటు వంగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగిపోయాయి, పైనున్న తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. చూపుకు అందని ఆ తెగుదలను బల్బు ఒకటి పట్టిచ్చింది. అప్పటికి మార్చేసిన అయిదు సామాన్లలో ఒక్కటి కూడా పాడవలేదని తర్వాత తెలిసి, పాతవాటిని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి ఉంచుకున్నాను. వాటిలో పాత కండెన్సర్ ఇవాళ్టికీ నా కారులో పనిచేస్తోంది. దాని బదులు వేసిన కొత్తది ఏడాది కూడా నిలవలేదు.

ఇగ్నిషన్ వ్యవస్థ పనిచేసే తీరు అర్థమైతే పరీక్షల వరుస దానంతటదే తెలుస్తుంది. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే ఈ పద్ధతికి రూపమిచ్చిన ఇంజనీరు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. ఆయన స్థాపించిన డెల్కో సంస్థ 1909లో మొదలైంది. 1910 మోడల్ కాడిలాక్ కార్లలో ఈ ఇగ్నిషన్, 1912 మోడల్ కాడిలాక్ కార్లలో అదే సంస్థ చేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చాయి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రంగంలోకి వచ్చిన 1970ల దాకా ప్రపంచంలోని కార్లలో చాలా భాగం చిన్న చిన్న మార్పులతో ఈ సూత్రం మీదే నడిచాయి. అందువల్ల ఏ దేశపు పాత కారు మూత ఎత్తినా ఈ భాగాలే కనిపిస్తాయి, ఈ పరీక్షలే పనికొస్తాయి.

కాయిల్ లోపల ఇనుప పలకల కట్ట మీద రెండు తీగ చుట్టలు ఉంటాయి. ఒకటి లావుపాటి తీగతో కొన్ని వందల చుట్లు, మరొకటి వెంట్రుక లాంటి సన్నటి తీగతో వేల చుట్లు. పాయింట్లు మూసుకున్నప్పుడు బ్యాటరీ కరెంటు లావు తీగలో ప్రవహించి కాయిల్‌ను అయస్కాంతంగా మారుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీద ఎత్తుపల్లాలతో ఉండే క్యామ్ పాయింట్లను తెరిచిన క్షణంలో ఆ ప్రవాహం ఆగి, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కుప్పకూలి, సన్నటి తీగలో పది వేల వోల్టులకు పైబడిన విద్యుత్ పీడనం (వోల్టేజీ) పుడుతుంది. తెరుచుకుంటున్న పాయింట్ల మధ్య కరెంటు మెరుపులా దూకకుండా ఆ క్షణంలో దాన్ని తనలోకి తీసుకునేది కండెన్సర్. అది లేకపోతే ప్రవాహం చటుక్కున తెగదు, తెగకపోతే స్పార్కుకు బలం రాదు. పుట్టిన పీడనం నడిమి వైరు గుండా డిస్ట్రిబ్యూటర్ మూతలోకి, అక్కడి నుంచి తిరిగే రోటర్ మీదుగా ఏ సిలిండర్ వంతు వస్తే ఆ ప్లగ్గుకు చేరుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఈ తతంగమంతా సెకనుకు 100 సార్లు జరుగుతుంది. ఇంత పని చేసే యంత్రం అప్పుడప్పుడు అలగడంలో వింత లేదు. నడిచినన్నాళ్లు నడవడమే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

దీన్నిబట్టి ఇగ్నిషన్ రెండు సగాలు: 12 వోల్టుల తక్కువ పీడనం సగం, వేల వోల్టుల ఎక్కువ పీడనం సగం. కారు అందుకోనప్పుడు ముందు వేసుకోవలసిన ప్రశ్న ఏ సామాను పోయిందని కాదు, లోపం ఏ సగంలో ఉందని. మీరు ప్రచురించిన జవాబులో ఈ ప్రశ్నే లేదు.

ఆ ప్రశ్న కంటే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగుందని చాలామంది అనుకుంటారు. హెడ్‌లైట్లకు కావలసింది కొన్ని ఆంపియర్లే, సెల్ఫ్ మోటారుకు వందకు పైగా కావాలి. అందువల్ల బ్యాటరీని పని చేయించి చూడాలి. కదలకుండా ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అది 10 వోల్టుల దరిదాపుల్లో నిలబడాలి. అంతకంటే బాగా పడిపోతే సెల్ఫ్ మోటారు ఉన్న కరెంటంతా మింగేసి కాయిల్‌కు మిగల్చదు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, స్పార్కు మాత్రం నీరసిస్తుంది. కొత్త కాయిల్ వేసినా అలాగే ఉంటుంది.

బ్యాటరీ బాగున్నా పీడనం దారిలో పోవచ్చు. దీన్ని పట్టుకునే పద్ధతి మల్టీమీటరు ఉన్న ప్రతివారికీ తెలిసి ఉండాలి. మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ (కరెంటు తిరిగి చేరే కారు లోహం) వైపు సీసపు స్తంభం మీద, క్లాంపు మీద కాకుండా స్తంభం మీదే, ఆనించాలి. రెండో కొనను ఇంజన్ దిమ్మె మీద శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. ఎర్త్ దారి బాగుంటే మీటరు అర వోల్టు లోపే చూపుతుంది. వోల్టు, రెండు వోల్టులు చూపిందంటే ఆ మేరకు బ్యాటరీ శక్తి తుప్పు పట్టిన కలయికలోనో, ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిక పట్టీలోనో వేడిగా మారిపోతోందన్నమాట. పాత కార్లలో ఇంజన్ రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది గనుక ఆ పట్టీయే దానికి ముఖ్యమైన ఎర్త్. రంగు వేయించేటప్పుడు విప్పి మళ్లీ బిగించడం మరిచిపోయిన పట్టీలను, రంగు పొర మీదే బిగించేసిన పట్టీలను నేను చూశాను. ఈ లోపానికి మందు కాస్త గరుకు కాగితం, కాస్త గ్రీజు.

ఇక అసలు పరీక్షకు ముందు జాగ్రత్తలు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. పెట్రోలు వాసన వస్తున్న చోట స్పార్కు పరీక్ష చేయకూడదు. ముందు ఒలికినది ఆరిపోనివ్వాలి, గాలి ఆడనివ్వాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. వైరును వట్టి చేత్తో పట్టుకోవద్దు. పిడికి మంచి తొడుగున్న పట్టకారు వాడాలి. పాత కారుకు ఎవరైనా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చి ఉంటే, వైరును గాల్లో వదిలేసి ఇంజన్ తిప్పితే ఆ పరికరమే కాలిపోవచ్చు. ఈ ఉత్తరంలో నేను చెబుతున్నది పాయింట్లు ఉన్న కార్ల గురించి.

డిస్ట్రిబ్యూటర్ మూత నడిమి రంధ్రం నుంచి కాయిల్ వైరును ఊడదీసి, దాని కొనను ఇంజన్ లోహానికి 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని మరొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. నీలి రంగులో, చిటపటమని వినిపించే స్పార్కు క్రమం తప్పకుండా దూకితే బ్యాటరీ, ఇగ్నిషన్ స్విచ్, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ తమ పని తాము చేస్తున్నట్టే. లోపం రోటర్, మూత, వైర్లు, ప్లగ్గుల వైపు ఉంది, లేదా అసలు ఇగ్నిషన్‌లోనే లేదు. స్పార్కు లేకపోయినా, పసుపు రంగులో సన్నగా వచ్చినా లోపం కాయిల్‌లోనో, దానికి ముందున్న తక్కువ పీడనం సగంలోనో ఉంది. అర నిమిషం కూడా పట్టని ఈ ఒక్క పరీక్ష మీ జవాబులోని అయిదు సామాన్లలో కనీసం రెండింటిని నిర్దోషులుగా వదిలేస్తుంది.

స్పార్కు లేదనుకుందాం. ఇప్పుడు కావలసింది 12 వోల్టుల చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. కాయిల్ మీద రెండు చిన్న టెర్మినళ్లు ఉంటాయి: ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చేది ఒకటి, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లేది ఒకటి. తాళం తిప్పి ఉంచి, బల్బు ఒక వైరును ఎర్త్‌కు, రెండో వైరును స్విచ్ వైపు టెర్మినల్‌కు తాకించాలి. బల్బు వెలగకపోతే కరెంటు కాయిల్ దాకా రావడం లేదు. తాళం స్విచ్ అరిగిపోయి ఉండవచ్చు, వైర్లను కలిపే తొడుగుల్లో ఒకటి జారి ఉండవచ్చు. వెలిగితే బల్బును డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కు మార్చి సెల్ఫ్ కొట్టించాలి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు వెలుగుతూ, మూసుకున్నప్పుడు ఆరుతూ బల్బు మిణుకుమిణుకుమంటే తక్కువ పీడనం సగం చాలావరకు బాగున్నట్టు.

ఆ బల్బు మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతూనే ఉందనుకోండి. కాయిల్ దాటి కరెంటు వచ్చింది గానీ ఎర్త్‌కు చేరడం లేదు. పాయింట్లు మూసుకోకపోవడం, వాటి ముఖాల మీద నూనె లేదా మసి పేరుకోవడం, లోపలి పళ్లేనికి ఎర్త్ లేకపోవడం, నేను మొదట చెప్పిన ఆ మెత్తటి వైరు తెగడం, వీటిలో ఏదో ఒకటి కారణం. నా కారులో బల్బు చూపింది ఇదే. బల్బు తగిలించి ఉంచి, డిస్ట్రిబ్యూటర్ లోపలి వైరును పుల్లతో కదిలిస్తే ఆరడమూ వెలగడమూ కనిపించింది. దాంతో రెండు నెలల వెతుకులాట ముగిసింది.

బల్బు అసలు వెలగకపోతే కథ వేరు. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరును కాయిల్ దగ్గర విప్పి మళ్లీ తాకించి చూడాలి. ఇప్పుడు వెలిగితే కాయిల్ లావు తీగ తెగలేదు, డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో కరెంటు ఎప్పుడూ ఎర్త్‌కు అంటుకుని ఉంది. అప్పటికీ వెలగకపోతే కాయిల్ లోపలి లావు తీగ తెగింది. డిస్ట్రిబ్యూటర్‌లో ఎర్త్ అంటుకోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటుంది, అది మీ సలహాకు నేరుగా సంబంధించినది. పాయింట్ల స్ప్రింగును బిగించే మేకు దగ్గర చిన్న ఫైబర్ వాషర్లు ఉంటాయి. కండెన్సర్ వైరూ, బయటి వైరూ స్ప్రింగును తాకాలి, మేకునూ పళ్లాన్నీ తాకకూడదు. కొత్త పాయింట్లు వేసేటప్పుడు ఆ వాషర్ల వరుస తారుమారైతే పాయింట్లు తెరుచుకున్నా మూసుకున్నా ఒకటే, స్పార్కు పుట్టదు. అంతకుముందు ఏ చిన్న లోపం ఉన్నా దానికి ఇప్పుడు కొత్త లోపం తోడవుతుంది. అయిదు సామాన్లు ఒకేసారి మార్చినవాడికి ఏది ఎక్కడ చెడిందో ఇక ఎలా తెలుస్తుంది?

పాయింట్ల గురించి ఇంకొన్ని మాటలు. కొత్తవాటి ముఖాల మీద తుప్పు పట్టకుండా పలుచటి నూనె పొర పూసి ఉండవచ్చు. అది తుడవకుండా బిగిస్తే కరెంటు సరిగా పారదు. సందును క్యామ్ ఎత్తు మీద పాయింట్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడే ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే పలుచటి రేకుతో) చూడాలి. బ్రిటిష్ సంస్థ లూకాస్ చేసిన డిస్ట్రిబ్యూటర్ ఉన్న చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లకు అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, మిగిలినవాటికి ఆయా కారు పుస్తకంలో ఎంత ఉంటే అంత. వాడిన పాయింట్లలో ఒక ముఖం మీద చిన్న బొడిపె, ఎదుటి ముఖంలో గుంట ఏర్పడతాయి. ఆ బొడిపె మీద గేజ్ ఆనించి కొలిచిన సందు అబద్ధం చెబుతుంది. అలాంటప్పుడు పాయింట్లు ఎంతసేపు మూసుకుని ఉంటున్నాయో కోణంలో చూపే డ్వెల్ మీటరు నిజం చెబుతుంది. నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్‌లో ఒక్కో సిలిండర్ వంతు 90 డిగ్రీలు, అందులో 60 డిగ్రీల చుట్టుపక్కల పాయింట్లు మూసుకుని ఉండడం చాలా కార్లలో కనిపించే లెక్క. క్యామ్‌ను ఒరుసుకునే ఫైబర్ మడమ అరుగుతున్నకొద్దీ సందు తగ్గుతుంది, స్పార్కు పుట్టే వేళ (టైమింగ్) వెనక్కి జరుగుతుంది. కాబట్టి క్యామ్ మీద చిటికెడు గ్రీజు ఉండాలి. చిటికెడు అంటే చిటికెడే. ఎక్కువైతే పాయింట్ల మీదకే చిమ్ముతుంది.

బ్యాలస్ట్ నిరోధకం ఉన్న కార్ల లక్షణం ఒకటి చెప్పకుండా ఉండలేను, అది తెలియక ఎంతోమంది తికమకపడతారు. ఇలాంటి కార్లలో కాయిల్ తక్కువ వోల్టులకే తయారై ఉంటుంది. కారు నడుస్తున్నప్పుడు నిరోధకం గుండా తగ్గిన పీడనం అందుతుంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు మాత్రం వేరే వైరు గుండా బ్యాటరీ పీడనం మొత్తం నేరుగా అందుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజన్ అందుకుని, తాళం వదిలిన మరుక్షణం ఆగిపోతోందంటే నిరోధకమో, తాళం స్విచ్‌లో నడిచే స్థానపు పట్టో పోయింది. అలాకాక సెల్ఫ్ కొట్టినంతసేపు పలకకుండా, తాళం వదిలే క్షణంలో ఒక్క కుదుపు కుదిపి అందుకోబోతోందంటే ఆ రెండో వైరు తెగింది. రెండు సందర్భాల్లోనూ కొత్త పాయింట్లూ కొత్త ప్లగ్గులూ చేయగలిగింది ఏమీ లేదు.

కాయిల్ మార్చేవారు దాని నిరోధం చూసి మార్చాలి. బ్యాలస్ట్ లేని 12 వోల్టుల కాయిల్ లావు తీగ 3 ఓముల ప్రాంతంలో ఉంటుంది, అంటే 4 ఆంపియర్ల కరెంటు. బ్యాలస్ట్‌తో వాడవలసినది 1.5 ఓముల ప్రాంతంలో ఉంటుంది. రెండోదాన్ని తెచ్చి బ్యాలస్ట్ లేని కారుకు తగిలిస్తే 8 ఆంపియర్లు పారి, పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ చేయి పెట్టలేనంతగా కాగుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాయింట్లు మూసుకుని ఉన్న స్థితిలో ఇంజన్ ఆగి, తాళం మాత్రం తిప్పి ఉంచితే మంచి కాయిల్ కూడా అదే రీతిలో వేడెక్కి చెడుతుంది. కారు ఆగి ఉండగా రేడియో వినడానికి తాళం తిప్పి ఉంచేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కాయిల్ టెర్మినళ్లు తారుమారైనా స్పార్కు వస్తుంది, బలహీనంగా వస్తుంది. ప్లగ్గు మధ్య కడ్డీ బాగా వేడిగా ఉంటుంది గనుక అది ఋణ ధ్రువంగా ఉన్నప్పుడు తక్కువ పీడనానికే స్పార్కు దూకుతుంది. ధన ధ్రువం ఎర్త్‌గా ఉన్న పాత బ్రిటిష్ కార్లను ఋణ ఎర్త్‌కు మార్చినవారు కాయిల్ వైర్లను కూడా అటూ ఇటూ మార్చారో లేదో చూసుకోవాలి.

కండెన్సర్ సంగతి చమత్కారంగా ఉంటుంది. 0.2 మైక్రోఫారడ్ల చుట్టుపక్కల విలువ ఉండే ఈ చిన్న డబ్బా పోయిందంటే మూత తీసి చూసినప్పుడు పాయింట్ల మధ్య పెద్ద నీలి మెరుపు కనిపిస్తుంది, ప్లగ్గు వైపు స్పార్కు మాత్రం పసుపు రంగులో నీరసంగా ఉంటుంది. అనుమానం తీరడానికి మరో మంచి కండెన్సర్‌ను, పాతదాన్ని తీయకుండానే, కాయిల్ మీది డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య తగిలించి చూడవచ్చు; లోపల తెగిన కండెన్సర్ అయితే వెంటనే తేడా తెలుస్తుంది. లోపల ఎర్త్ అంటుకున్నదైతే పాతదాన్ని విప్పితేనే తేలుతుంది. బాగా పనిచేస్తున్న పాత కండెన్సర్‌ను పారేయవద్దని నా మాటగా చెబుతున్నాను.

నడిమి వైరు దగ్గర స్పార్కు బాగుండి, ప్లగ్గుల దగ్గర లేదంటే మొదట రోటర్‌ను అనుమానిస్తాను. రోటర్ మీది ఇత్తడి పలక నుంచి కింద ఇరుసు దాకా ఉన్న ప్లాస్టిక్‌లో కంటికి కనిపించని చీలిక ఏర్పడితే కరెంటు ప్లగ్గుల వైపు పోకుండా ఇరుసులోకి దిగిపోతుంది. పలకను రివెట్టుతో బిగించిన రోటర్లలో ఆ రివెట్టు కొనకూ ఇరుసుకూ మధ్య మిగిలే ప్లాస్టిక్ మందం మరీ తక్కువగా ఉంటే కొత్త రోటర్ కూడా ఇలా చెడవచ్చు. పరీక్ష తేలిక: మూత తీసి, రోటర్‌ను దాని స్థానంలోనే ఉంచి, కాయిల్ నడిమి వైరు కొనను ఇత్తడి పలకకు కాస్త ఎత్తులో పట్టుకుని, తాళం తిప్పి ఉంచి, పాయింట్లను పుల్లతో తెరుస్తూ మూస్తూ ఉండాలి. తెరిచిన ప్రతిసారీ బలమైన స్పార్కు రోటర్‌లోకి దూకుతుంటే అది కారుతున్నట్టే, ఎందుకంటే రోటర్ బాగుంటే ఆ కరెంటుకు దిగడానికి చోటు ఉండదు.

మూతలో చూడవలసినవి మూడు. లోపల మధ్యలో ఉండే కార్బన్ ముక్క స్ప్రింగు మీద లోపలికీ బయటికీ ఆడాలి. గోడల మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లగీతలు ఉంటే అవి కరెంటు తనకు తాను వేసుకున్న దొంగదారులు. గీకినా మళ్లీ వస్తాయి, మూత మార్చవలసిందే. మూడోది తేమ. చలి రాత్రి తర్వాత, వాన తర్వాత మాత్రమే మొండికేసే కారుకు పొడిబట్టతో మూతను లోపలా బయటా తుడిస్తే చాలు, అది అందుకున్న సందర్భాలు నాకు లెక్కలేనన్ని. చీకట్లో ఎవరి చేతనైనా సెల్ఫ్ కొట్టించి చూస్తే పాడైన వైర్ల వెంబడి నీలి మిణుగురులు కనిపిస్తాయి.

ప్లగ్గును ఊడదీసి ఇంజన్ మీద ఆనించి స్పార్కు చూసే అలవాటు మంచిదే, అయితే అది సగం సాక్ష్యం మాత్రమే. బయటి గాలిలో తేలికగా దూకే స్పార్కు సిలిండర్ లోపల ఒత్తిడికి గురైన గాలిలో దూకడానికి చాలా ఎక్కువ పీడనం కావాలి. అందుకే 6 మిల్లీమీటర్ల సందును దూకించి చూడమన్నాను. ఊడదీసిన ప్లగ్గు మరో సంగతి కూడా చెబుతుంది: చాలాసేపు సెల్ఫ్ కొట్టాక కూడా పొడిగా ఉందంటే పెట్రోలు రావడం లేదు, ఇగ్నిషన్‌ను వదిలి కార్బురేటర్ వైపు వెళ్లాలి. తడిసి ముద్దగా ఉందంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా వచ్చిన పెట్రోలు మండలేదు, ఆరబెట్టి, 0.6 మిల్లీమీటర్ల ప్రాంతంలో సందు చూసి తిరిగి బిగించాలి.

స్పార్కూ ఉండి, పెట్రోలూ ఉండి, ఇంజన్ కార్బురేటర్‌లోంచి తుమ్ముతూ ఎదురుకొడుతుంటే టైమింగ్ తప్పింది. డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులై అది తిరిగి ఉండవచ్చు, లేక ఎవరో దాన్ని ఊడదీసి తిరిగి పెట్టేటప్పుడు సగం చుట్టు తేడాతో పెట్టి ఉండవచ్చు. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి పుల్లీ మీది గుర్తు సరిపోయినంత మాత్రాన మొదటి సిలిండర్ మండే దశలో ఉందని కాదు. ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టి ఇంజన్‌ను చేత్తో తిప్పితే గాలి తోసుకొచ్చే దశ తెలుస్తుంది. వైర్లన్నీ ఒకేసారి ఊడదీసి మార్చినప్పుడు వరుస తప్పడం మరీ సాధారణం; చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లలో మండే వరుస 1-3-4-2.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించేసుకుంటే ఈ గొడవంతా ఉండదని కొందరు పాఠకులు మీకు రాయవచ్చు. నాకు దానిమీద వ్యతిరేకత లేదు. పాయింట్ల అరుగుదల బెడద నిజంగానే తప్పుతుంది. అయితే చెడ్డ ఎర్త్‌ను, అరిగిన తాళం స్విచ్‌ను, కారే రోటర్‌ను, చీలిన మూతను అది బాగుచేయదు. పైగా వైర్లు తారుమారైతే ఒక్క క్షణంలో కాలిపోయి, దారి మధ్యలో గరుకు కాగితంతో బాగుచేసుకునే వీలు కూడా లేకుండా చేస్తుంది. లోపం దొరికి, కారు బాగా నడుస్తున్నప్పుడు తీరిగ్గా ఆలోచించవలసిన మార్పు అది.

ఇక మీకు నా మనవి. ఇలాంటి ప్రశ్న మళ్లీ వస్తే జవాబు ఇచ్చే ముందు ఆ పాఠకుణ్ణి మూడు వివరాలు అడగండి: సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపుతోంది, కాయిల్ నడిమి వైరు నుంచి 6 మిల్లీమీటర్ల స్పార్కు దూకుతోందా, డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్ దగ్గర బల్బు మిణుకుమంటోందా, నిలకడగా వెలుగుతోందా, లేక అసలు వెలగడం లేదా. ప్రశ్న పంపిన ఆ పాఠకుడు ఇంకా సామాన్లు కొనకపోయి ఉంటే, ఈ మూడింటికీ జవాబులు రాసి మీ పేజీకి పంపమని నా తరఫున కోరగలరు. వాటిని చూసి ఏ భాగం విప్పాలో ఆయనకు మీ పత్రిక ద్వారానే రాస్తాను.

ఇట్లు,
పాత కారు నడుపుకుంటున్న ఒక పాఠకుడు